ఇండియా లైసెన్స్ ఉన్నవాళ్ళు బ్రిటన్‌లో డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చుకోవడం: ప్రొవిజనల్ నుంచి ప్రాక్టికల్ దాకా

"పదేళ్ళుగా కారు నడుపుతున్నాను, ఇక్కడా ఎడమ పక్కే కదా, మళ్ళీ టెస్టు ఏంటండీ?" కొత్తగా వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఇదే అడుగుతారు. మొదటి టెస్టులో ఫెయిలై వచ్చాక రెండో ప్రశ్న వేస్తారు: "బాగానే నడిపాను, ఎందుకు ఫెయిల్ చేశాడు?"

ఈ రెండిటికీ కలిపి రాస్తున్నాను. బండి నడపడం మనకి వచ్చు. ఇక్కడ పరీక్షించేది మనం ఏం చూస్తున్నామో, ఎవరికి దారి ఇస్తున్నామో. అది రాకే మనవాళ్ళు ఎక్కువగా తప్పుతుంటారు.

ఇది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో ఉండేవాళ్ళకి, మామూలు కారు లైసెన్స్ కోసం. ఉత్తర ఐర్లండ్‌లో పద్ధతి వేరు. ఫీజులు నేను రాస్తున్న నాటివి, కట్టేముందు ప్రభుత్వ సైట్ గవ్ డాట్ యూకేలో ఒకసారి చూసుకోండి.

1. ముందు మీ 12 నెలల లెక్క వేసుకోండి

మీరు ఇక్కడ నివాసం మొదలుపెట్టిన రోజు నుంచి 12 నెలలు ఇండియా లైసెన్స్‌తో కారు నడపొచ్చు. ఆ తర్వాత అది ఇక్కడ చెల్లదు. మధ్యలో సెలవుకి ఇంటికి వెళ్ళొస్తే లెక్క మళ్ళీ మొదటికి రాదు. ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకున్నా గడువు పెరగదు.

ఇండియా లైసెన్స్ ఇచ్చేసి ఇక్కడిది మార్చుకునే వీలు లేదు. జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా లాంటి కొన్ని దేశాలకి ఆ సౌకర్యం ఉంది, మనకి లేదు. కాబట్టి ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ళ లైసెన్స్), థియరీ (కంప్యూటర్ మీద రాసే పరీక్ష), ప్రాక్టికల్ (రోడ్డు మీద నడిపి చూపించే టెస్టు) మూడూ దాటాల్సిందే.

చాలామందికి తెలియని మేలు ఒకటుంది. ఆ 12 నెలల లోపల ప్రొవిజనల్ తీసుకున్నా మీరు లెర్నర్ అయిపోరు. ఎల్ బోర్డు అక్కర్లేదు, పక్కన ఎవరూ కూర్చోనక్కర్లేదు, మోటార్‌వే మీదా వెళ్ళొచ్చు. "ప్రొవిజనల్ తీసుకుంటే ఉన్న లైసెన్స్ పోతుందేమో" అని భయపడి పదో నెల దాకా ఆగేవాళ్ళని చూశాను. ఆ భయం అక్కర్లేదు.

12 నెలలు దాటిన మర్నాటి నుంచి మాత్రం మీరు పూర్తి లెర్నరే. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. పక్కన 21 ఏళ్ళు దాటి, ఇక్కడ చెల్లే ఫుల్ లైసెన్స్ మూడేళ్ళుగా ఉన్న మనిషి కూర్చోవాలి. ఇండియాలో పన్నెండేళ్ళు నడిపిన మీ రూమ్మేట్ దీనికి పనికిరాడు.

గడువు దాటాక ఒంటరిగా నడిపితే ఇన్సూరెన్స్ కూడా చెల్లదు. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే 300 పౌండ్ల జరిమానా, 6 పెనాల్టీ పాయింట్లు. కారు కూడా తీసుకెళ్ళిపోవచ్చు.

నా సలహా: మొదటి నెలలో ప్రొవిజనల్, మూడో నెల లోపు థియరీ, థియరీ పాసైన సాయంత్రమే ప్రాక్టికల్ స్లాట్. ఇంత తొందర ఎందుకో అయిదో మెట్టులో తెలుస్తుంది.

2. ప్రొవిజనల్ లైసెన్స్

మన ఎల్‌ఎల్‌ఆర్ లాంటిదే, కానీ దీనికి పరీక్ష లేదు. ఇచ్చేది డీవీఎల్‌ఏ, అంటే ఇక్కడి లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ. ఆన్‌లైన్లో 34 పౌండ్లు, పోస్టులో 43. ఇక్కడ కనీసం 185 రోజులు ఉండటానికి మీ వీసా అనుమతి ఇవ్వాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- పాస్‌పోర్ట్
- ఈవీసా అకౌంట్ నుంచి తీసిన షేర్ కోడ్, అంటే మీ వీసా వివరాలు వాళ్ళు చూసుకోవడానికి ఇచ్చే కోడ్ (90 రోజులే పనిచేస్తుంది, అప్లై చేసే రోజే తీసుకోండి)
- గత మూడేళ్ళలో ఉన్న అడ్రసులన్నీ, హైదరాబాద్ హాస్టల్‌తో సహా
- నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు వచ్చి ఉంటే అది
- 20 మీటర్ల దూరంలోని నంబర్ ప్లేటు చదవగలిగే చూపు, కళ్ళద్దాలతో అయినా సరే

ఆన్‌లైన్లో మీ గుర్తింపు తేలకపోతే పోస్టాఫీసులో దొరికే డీ1 ఫారం నింపి, ఫొటో, అసలు పాస్‌పోర్ట్ జతచేసి పంపాలి. పాస్‌పోర్ట్ పోస్టులో పంపడమంటే గుండె దడే, నిజమే. ట్రాకింగ్ ఉన్న పోస్టులో పంపండి. వచ్చే నెలలో ఇండియా టికెట్ ఉంటే మాత్రం తిరిగొచ్చాకే పంపండి.

మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు: పేరు. ఇంటిపేరు ఒకచోట పొడుగ్గా, ఒకచోట పొట్టిగా, ఇంకోచోట చివర రాసేస్తుంటాం. కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడే ఖాళీగా ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో, ఈవీసాలో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. ఆ రెండూ ఒకదానికొకటి కలవకపోతే ముందు ఈవీసాలో సరిచేయించుకోండి.

3. గేర్ల బండా, ఆటోమేటిక్కా?

ఆటోమేటిక్‌లో టెస్టు పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. గేర్ల బండిలో పాసైతే రెండూ నడపొచ్చు. ఇండియాలో గేర్ల బండే నడిపినవాళ్ళు దాంట్లోనే ఇవ్వండి. భార్యాభర్తల్లో ఒకరు కొత్తగా నేర్చుకుంటుంటే, ఇంట్లో ఉన్న కారు ఆటోమేటిక్ అయితే, వాళ్ళకి ఆటోమేటిక్ చాలు.

4. థియరీ పరీక్ష

ఫీజు 23 పౌండ్లు. రెండు భాగాలు, రెండూ ఒకే పూట పాసవ్వాలి.

మొదటి భాగంలో 57 నిమిషాల్లో 50 ప్రశ్నలు, 43 సరైనవి ఉండాలి. తెలుగులో రాసే వీలు లేదు. ఇంగ్లిష్ చదవడం నెమ్మదైతే బుక్ చేసేటప్పుడే హెడ్‌ఫోన్‌లో ప్రశ్న చదివి వినిపించమని అడగొచ్చు.

హైవే కోడ్, అంటే ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం, ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక్కసారైనా మొత్తం చదవండి. ప్రశ్నలు బట్టీపడితే థియరీ గట్టెక్కుతుంది, ప్రాక్టికల్లో మునుగుతుంది. మనకి కొత్తగా అనిపించేవి: తెల్ల గుండ్రంలో నల్ల అడ్డగీత గుర్తు (మామూలు రోడ్డు మీద 60 మైళ్ళు, మధ్యలో డివైడర్ ఉంటే 70), పసుపు గళ్ళ బాక్స్ జంక్షన్, దారి దాటే చోట్లలో రకాలు, వానలో బండి ఆగడానికి పట్టే దూరాలు.

రెండో భాగం హజార్డ్ పర్సెప్షన్. 14 వీడియోలు చూపిస్తారు. ఒక్కో దాంట్లో ఒక ప్రమాదం రూపుదిద్దుకుంటుంది, ఒకదాంట్లో మాత్రం రెండు. అది మొదలవగానే మౌస్ నొక్కాలి. ఎంత ముందు పసిగడితే అన్ని మార్కులు, ఒక్కోదానికి అయిదు దాకా. 75కి 44 రావాలి.

అనుభవం ఉన్నవాళ్ళకి ఇక్కడే తమాషా జరుగుతుంది. పార్క్ చేసిన వ్యాన్ వెనక కాళ్ళు కనపడగానే మనం నొక్కేస్తాం, ఒక్కోసారి మార్కుల లెక్క ఇంకా మొదలే కాదు. అందుకని ఒకసారి నొక్కి, అది నిజంగా ముదురుతుంటే ఒక క్షణం ఆగి ఇంకోసారి నొక్కండి. అలా అని టకటకా నొక్కుతూ పోకండి, వరస పెట్టి నొక్కినట్టు కంప్యూటర్ పట్టేస్తే ఆ వీడియోకి సున్నా.

పాసైన సర్టిఫికెట్ రెండేళ్ళు పనిచేస్తుంది. ఆ లోపు ప్రాక్టికల్ అవకపోతే థియరీ మళ్ళీ రాయాలి.

5. ప్రాక్టికల్ స్లాట్ పట్టడం

ఫీజు సోమవారం నుంచి శుక్రవారం దాకా పగటి పూట 62 పౌండ్లు, సాయంత్రాలు, శని ఆదివారాలు, సెలవు రోజుల్లో 75. అంటే ప్రొవిజనల్, థియరీ కలుపుకుని కనీసం 119 పౌండ్లు. క్లాసుల ఖర్చు వేరే.

డబ్బు కంటే కష్టం తేదీ దొరకడం. చాలా ఊళ్ళలో నెలల తరబడి ఖాళీ ఉండదు. అందుకే థియరీ పాసైన రోజే బుక్ చేయమన్నాను. ఎంత దూరం తేదీ దొరికినా తీసుకోండి, తర్వాత ఎవరైనా రద్దు చేసుకున్న స్లాట్ కనపడితే ముందుకి జరుపుకోవచ్చు. పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం టీ తాగుతూ ఒకసారి సైట్ చూస్తుండండి.

గవ్ డాట్ యూకే తప్ప ఇంకెక్కడా డబ్బు కట్టకండి. వాట్సాప్‌లో "200 పౌండ్లకి వచ్చే వారం స్లాట్" అనేవాళ్ళు తగులుతారు. ఆర్టీవో ఆఫీసు దగ్గర ఏజెంటు అలవాటుతో వాళ్ళ చేతిలో లైసెన్స్ నంబరు పెట్టేవాళ్ళున్నారు. వద్దు.

తేదీ మార్చుకోవాలన్నా, రద్దు చేసుకోవాలన్నా 10 పని దినాల ముందే చేయాలి, లేకపోతే ఫీజు పోతుంది.

6. చేతికంటిన అలవాట్లు వదిలించుకోవడం

ఈ మొత్తంలో అసలు పని ఇదే. దీనికి ట్రైనర్ కావాలి. కారు ముందద్దం మీద ఆకుపచ్చ అష్టభుజి బ్యాడ్జి ఉంటే పూర్తి అర్హత ఉన్న ట్రైనర్, గులాబీ రంగు త్రికోణమైతే ఇంకా శిక్షణలో ఉన్న మనిషి. మొదటి క్లాసులోనే చెప్పేయండి: "నాకు నడపడం వచ్చు, ఉత్తుత్తి టెస్టు పెట్టి తప్పులు రాసివ్వండి." ఆ జాబితా చూశాక ఎన్ని క్లాసులు కావాలో మీకే తెలుస్తుంది. నాకు ఆరు పట్టాయి. అందులో నాలుగు మెడ తిప్పడానికే.

అద్దాలు. బయల్దేరేముందు, ఇండికేటర్ వేసేముందు, వేగం తగ్గించేముందు, లేన్ మారేముందు అద్దం చూడాలి. కదిలేముందు భుజం మీదుగా వెనక్కి చూడాలి. వరస కూడా ముఖ్యమే: అద్దం, ఇండికేటర్, ఆ తర్వాతే తిప్పడం. మనం ఇండికేటర్ వేసేసి అప్పుడు చూస్తాం. కనుగుడ్లు తిప్పితే పక్కనున్న ఎగ్జామినర్‌కి తెలియదు, తల కొద్దిగా కదలనివ్వండి.

పక్క రోడ్డు మూల మీద నిలబడ్డ మనిషి. నా మొదటి టెస్టు ఇక్కడే పోయింది. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఎడమ పక్క చిన్న రోడ్డులోకి తిరగాలి. మూల మీద ఒకావిడ పిల్లాడి బండి పట్టుకుని ఆగి ఉంది. నేను ఇండికేటర్ వేశాను, వేగం తగ్గించాను, ఆవిడ ఆగే ఉంది కదా అని మెల్లగా ఆవిడ ముందునుంచి తిరిగిపోయాను. మన ఊళ్ళో అయితే అది మర్యాదే. పక్కన ఎగ్జామినర్ వేలు ట్యాబ్ మీద ఒక్కసారి తట్టింది. మిగతా టెస్టంతటిలో చిన్న తప్పులు నాలుగే, ఆ ఒక్కటీ పెద్ద తప్పు. 2022 జనవరి నుంచి హైవే కోడ్ ప్రకారం మీరు తిరగబోయే రోడ్డు దాటడానికి ఆగి ఉన్నవాళ్ళకి కూడా దారి ఇవ్వాలి. దాటుతున్నవాళ్ళకే కాదు, ఆగి ఉన్నవాళ్ళకి. జీబ్రా దగ్గరా అంతే.

రౌండెబౌట్. కుడి పక్క నుంచి వచ్చేవాళ్ళకి దారి ఇవ్వాలి, అంతే. బెంజ్ సర్కిల్లో లాగా ముక్కు దూర్చి చోటు సంపాదించుకునే పద్ధతి ఇక్కడ పెద్ద తప్పు. అలాగని ఖాళీగా ఉన్నా ఆగి కూర్చోవడమూ తప్పే. దగ్గరికి వస్తూనే కుడి పక్క చూస్తూ, రెండో గేరులో, ఖాళీ ఉంటే ఆగకుండా వెళ్ళాలి. బయటికి వచ్చే దారికి ముందున్న దారి దాటగానే ఎడమ ఇండికేటర్ వేయాలి, మనవాళ్ళు దీన్ని దాదాపు ఎప్పుడూ మరిచిపోతారు. అడుగుకో రౌండెబౌట్ ఉండే మిల్టన్ కీన్స్ లాంటి ఊళ్ళో టెస్టు అయితే రెండు క్లాసులు దీనికే పెట్టండి.

వేగం. వీధి దీపాలున్న రోడ్డు మీద బోర్డు లేకపోతే 30 మైళ్ళు, వేల్స్‌లో 20. 30 మైళ్ళంటే దాదాపు 48 కిలోమీటర్లు. దాటకూడదని అందరికీ తెలుసు. కానీ "జాగ్రత్తగా ఉందాం" అని 30 రోడ్డులో 18లో పోతే అదీ తప్పు కింద రాస్తారు.

న్యూట్రల్. పెట్రోల్ ఆదా అని సిగ్నల్ ముందు న్యూట్రల్లో జారవిడిచే అలవాటు, క్లచ్ నొక్కిపెట్టి మలుపు తిరిగే అలవాటు రెండూ మానాలి.

హారన్, లైట్లు. హారన్ ప్రమాదాన్ని హెచ్చరించడానికే. ఆగి ఉన్నప్పుడు కొట్టకూడదు. హెడ్‌లైట్ కొట్టడం మన దగ్గర "నేను వస్తున్నా, ఆగు" అని. ఇక్కడ ఎదుటివాడు లైట్ కొడితే చాలాసార్లు "నువ్వు రా" అని అర్థం. హైవే కోడ్ దీన్ని ఒప్పుకోదు, మీరు కొట్టకండి. వాళ్ళు కొట్టినా మీ అంతట మీరు చూసుకునే కదలండి.

సైకిళ్ళు. 30 మైళ్ళ లోపు వేగంలో దాటుతున్నా కనీసం మీటరున్నర ఎడం వదలాలి. అంత చోటు లేదా, వెనకే వెళ్ళండి. వెనకవాళ్ళు ఏమీ అనుకోరు.

వీటితో పాటు రివర్స్ పనులు ప్రాక్టీస్ చేయండి: రోడ్డు పక్కన రెండు కార్ల మధ్య పార్కింగ్, పార్కింగ్ గడిలోకి వెళ్ళి రావడం, కుడి పక్కకి ఆపి రెండు కార్ల పొడవు వెనక్కి వెళ్ళి మళ్ళీ కలవడం. వీటిలో ఒక్కటే అడుగుతారు. మన హెచ్ ట్రాక్‌లో గీత తగలకపోతే చాలు, ఇక్కడ గీత కంటే చుట్టూ చూపు ముఖ్యం. మనిషో కారో వస్తే ఆగండి. గీత దాటితే ముందుకెళ్ళి సరిచేసుకోవచ్చు.

7. టెస్టు రోజు

ముందు రాత్రి చూసుకోండి:

- ప్రొవిజనల్ కార్డు (ఇది లేకపోతే టెస్టే లేదు)
- కళ్ళద్దాలు
- సొంత కారైతే: ఎల్ బోర్డులు, ఎగ్జామినర్ కోసం లోపల ఇంకో అద్దం, టెస్టుకి కూడా వర్తించే ఇన్సూరెన్స్, రోడ్ ట్యాక్స్, అవసరమైతే ఎంఓటీ (బండి భద్రతకి ఏటా చేయించే తనిఖీ)
- డాష్‌బోర్డు మీద వెలుగుతున్న హెచ్చరిక లైటు ఏదీ ఉండకూడదు, ఎయిర్‌బ్యాగ్‌ది అయినా సరే

ట్రైనర్ కారులో వెళ్తే చివరి రెండిటి గోల ఉండదు. నేనైతే అదే చేయమంటాను, టెస్టుకి ముందు గంట క్లాసు కూడా కలిసొస్తుంది.

మొదట 20 మీటర్ల నుంచి నంబర్ ప్లేటు చదవమంటారు. చదవలేకపోతే అక్కడితో సరి. తర్వాత బండి గురించి ఒక ప్రశ్న, ఉదాహరణకి బ్రేకులు సరిగా ఉన్నాయని ఎలా తెలుసుకుంటారని. నడుపుతుండగా ఇంకోటి చేసి చూపించాలి, వెనకద్దం హీటర్ వేయడం లాంటిది. ఇవన్నీ ప్రభుత్వ సైట్‌లో జాబితాగా ఉన్నాయి, చదువుకుని వెళ్ళండి.

మొత్తం 40 నిమిషాల డ్రైవింగ్. అందులో చాలాసేపు జీపీఎస్ చెప్పినట్టో బోర్డులు చూసుకునో మీరే వెళ్ళాలి. దారి తప్పితే మార్కులు పోవు. ఎడమకి వెళ్ళమంటే పొరపాటున కుడి లేన్లో ఉన్నారనుకోండి, కుడికే వెళ్ళండి. ఆఖరి క్షణంలో లేన్ కోయడమే ఫెయిల్ చేయిస్తుంది.

చిన్న తప్పులు 15 దాకా ఫరవాలేదు. పెద్ద తప్పు ఒక్కటి చాలు. బండి ఆగిపోయినంత మాత్రాన టెన్షన్ పడకండి: హ్యాండ్‌బ్రేక్, న్యూట్రల్, స్టార్ట్, చుట్టూ చూపు, కదలండి. ఎగ్జామినర్ ట్యాబ్ మీద ఏం నొక్కాడా అని చూడకండి, ఆ చూపు రోడ్డు మీదుండాలి. ఆయన మాట్లాడకపోవడం కోపం కాదు, వాళ్ళ పద్ధతే అది.

8. ఫలితం వచ్చాక

ఫెయిలైతే కారణాలు అడిగి శ్రద్ధగా వినండి, మీ ట్రైనర్‌ని కూడా వినమనండి. 10 పని దినాలు ఆగాక ఇంకో టెస్టు ఇవ్వొచ్చు, బుకింగ్ మాత్రం ఆ రోజే చేసుకోండి. కారణంగా రాసింది "జంక్షన్ దగ్గర చూపు" అయితే ఇంకో పది క్లాసులు అక్కర్లేదు, జంక్షన్ల మీదే రెండు చాలు.

పాసైతే:

- సర్టిఫికెట్ చేతికొచ్చిన నిమిషం నుంచే ఎల్ బోర్డు తీసి నడపొచ్చు. కార్డు పోస్టులో వస్తుంది.
- స్టీరింగ్ పట్టేముందే ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేయండి. లెర్నర్ పాలసీ అయితే పాసైన క్షణంలోనే చెల్లకుండా పోవచ్చు.
- మొదటి రెండేళ్ళలో 6 పాయింట్లు పడితే లైసెన్స్ రద్దు, మళ్ళీ ప్రొవిజనల్ నుంచి మొదలు. ఫోన్ చేత్తో పట్టుకుని దొరికితే ఒక్కసారికే 6 పడతాయి.
- ఇల్లు మారితే డీవీఎల్‌ఏకి చెప్పండి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. విద్యార్థులు ఏడాదికో ఇల్లు మారుతూ దీన్ని మరిచిపోతే, స్పీడ్ కెమెరా నోటీసు పాత ఇంటికి వెళ్ళి అక్కడే పడుంటుంది.
- ఇండియా లైసెన్స్ ఎవరికీ ఇచ్చేయక్కర్లేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పనికొస్తుంది, గడువు తేదీ చూసి రెన్యూ చేయించుకోండి.